అడుగున ఉన్న ఒకటి

నేను ఒక పాచికను. వైకుంఠపాళిలో దొర్లే ఆరు ముఖాలదాన్ని కాదు, నాకు ఇరవై ముఖాలు. ఇన్ని ముఖాలున్నా పిరికిదాన్ని. బతుకంతా పైనుంచి కిందపడటమే అయినప్పుడు ఎవరికైనా భయం వేయదా చెప్పండి?

విశాఖపట్నంలో ఇందీవర అనే అమ్మాయి నీలం రంగు రెజిన్‌ను అచ్చులో పోసి నన్ను చేసింది. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్ది, అంకెలకు తెల్లరంగు అద్దింది. ఇరవైకి సరిగ్గా వెనక ఒకటి. ఒకటి పైకి తేలితే ఇరవై నేల కరుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె స్నేహితులు బల్ల చుట్టూ చేరేవారు. వాళ్ళ ఆటకు గళ్ళూ గవ్వలూ లేవు. ఇందీవర కథ చెబుతుంది, మిగిలినవాళ్ళు అందులో వీరులూ దొంగలూ మంత్రగత్తెలూ అయిపోతారు. ఎవరైనా చిక్కులో పడితే ఆమె వేలితో బల్లమీద టకటకమని కొట్టి, "ఇప్పుడేటి చేస్తావు?" అని అడిగేది. వాళ్ళు తోచింది చెప్పి నన్ను విసిరేవారు. ఇరవై పడితే అద్భుతం, ఒకటి పడితే సర్వనాశనం. పెళ్ళీడుకొచ్చిన మనుషులు ఊపిరి బిగబట్టి నా వంక చూస్తుంటే నాకు వణుకు పుట్టేది. ఏది పడుతుందో నాకూ తెలియదంటే ఎవరు నమ్ముతారు? తిట్లు మాత్రం నాకే.

ఓసారి, ఆ స్నేహితుల్లో సినిమా తియ్యాలని కలలుకనే భార్గవ్ తన వీరుడి చేత కథలోని నాగరాణి మీద కత్తి దూయించాడు. నేను ఒకటి పడ్డాను. కత్తి జారి లోయలో పడిపోయిందని ఇందీవర చెప్పగానే అందరూ గొల్లుమన్నారు. ఆయుధం పోయిన వీరుడు ఏం చెయ్యాలో తోచక మోకాళ్ళమీద కూర్చుని, "నీకు ఎవరి మీద కోపం?" అని రాణిని అడిగాడు. అక్కడినుంచి కథ ఎవరూ అనుకోని దారి పట్టింది. చివరికి భార్గవ్ బల్లదగ్గరే కళ్ళు తుడుచుకున్నాడు. దాన్నే సినిమా తీస్తానని ఇందీవరను ఒప్పించి, నన్ను జేబులో వేసుకుని హైదరాబాద్ బయల్దేరాడు.

నిర్మాత కొండబాబుగారిది అమలాపురం. పకోడీలు తింటూ కథంతా విని ఒక్క మార్పు చెప్పారు.

"ఈరోకి ఒకటి పడ్డమేంటండీ బాబూ? ఇరవై పడాలండి, పాము తల తెగాలండి. లేకపోతే జనం ఈలలెందుకేత్తారండి?"

భార్గవ్ కథ కాగితంలో ఒకటి కొట్టేసి ఇరవై రాసుకున్నాడు.

ముహూర్తపు షాట్‌లో ఓటమీ ఏడుపూ ఉండకూడదన్నది సినిమావాళ్ళ పట్టింపు. ఇరవై పడటం కన్నా శుభం ఏముంటుందని, నేను దొర్లే షాటే ముహూర్తానికి పెట్టేశారు. నా మీద భారం వేసి నిశ్చింతగా ఉండటం మనుషులకే చెల్లింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అతను మాత్రం నన్ను లైటుకు ఎత్తిపట్టి తిప్పి చూశాడు.

"ఒకటి దిక్కు చిన్న బొక్క పెట్టి సీసం నింపుదాం సార్. ఎట్ల ఏసినా ఇరవయ్యే పడ్తది."

డ్రిల్లు గుయ్యిమంటూ దగ్గరికి వచ్చింది. బల్లమీంచి జారి గచ్చుమీద పడ్డ రోజుల్లో కూడా నేనంత భయపడలేదు. చీలిపోతే రెండు ముక్కలవుతాను, అంతే. సీసం కూరితే నాలో ఎప్పటికీ ఒకే అంకె మిగులుతుంది.

పూజకు వచ్చిన ఇందీవర అతని చెయ్యి పట్టుకుంది. "దానికి కన్నం పెడితే నా కథ నాకిచ్చీండి."

"పెట్టనివ్వను, ఒట్టు," అన్నాడు భార్గవ్.

కెమెరాకు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. హీరో నన్ను విసిరాడు. జీవితంలో మొదటిసారి నాకో అంకె కావాలనిపించింది. భార్గవ్ కోసం ఇరవై, ఇరవై అనుకుంటూ దొర్లాను.

ఒకటి పడ్డాను.

పంతులుగారి చేతిలో హారతి పళ్ళెం ఆగిపోయింది. కొండబాబుగారి ముఖం పాలిపోయింది. పెట్టె సర్దేస్తారేమోనని యూనిట్ అంతా బిక్కచచ్చిపోయింది. ఇందీవర కళ్ళు మాత్రం బల్లదగ్గర మెరిసినట్టే మెరిశాయి.

"భార్గవ్, ఇప్పుడేటి చేస్తావు?"

భార్గవ్ ఆమె వైపు చూడలేదు. వంగి, ఒక్క వేలితో నన్ను దొర్లించి ఇరవై పైకి పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచేలోపే ఇందీవర వెళ్ళిపోయింది.

సినిమా బాగా ఆడింది. జనం ఈలలు వేశారట. ఇప్పుడు నేనొక థియేటర్ వరండాలో, అద్దాలపెట్టెలో ఉన్నాను. కదలకుండా మఖమల్ దిండుకు బంకతో అంటించారు. ఇరవై పైకి, ఒకటి బంకలోకి. కన్నం మాత్రం పెట్టలేదు, భార్గవ్ ఒట్టు నిలబెట్టుకున్నాడు. పరీక్షలకు వెళ్ళే పిల్లలు అదృష్టం కోసం అద్దాన్ని తాకి పోతుంటారు. లోపల తెరమీద బాంబులు పేలినప్పుడల్లా పెట్టె అదురుతుంది. ఊడిపోతానేమోనని మొదట్లో హడలిపోయేదాన్ని. ఊడటం లేదని తెలిశాక అంతకన్నా ఎక్కువ హడలిపోతున్నాను.

మొన్న ఇందీవర వచ్చింది. సెల్ఫీలవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, వంగి, అద్దం మీద వేలితో టకటకమని కొట్టింది.

"ఇప్పుడేటి చేస్తావు?"

నాకు తెలిసిన జవాబు పడటం ఒక్కటే. ఆమె కాసేపు ఎదురుచూసి వెళ్ళిపోయింది.