హాల్లో పిల్లి గుంజ

పిల్లుల్ని చేపల రేవులో పారబోస్తున్నది మీరే. ఇంకెవరో కాదు. సోఫా గీరిందని, కర్టెను చింపిందని, పక్క ఫ్లాటు వాళ్లు సణిగారని గోనె సంచిలో వేసి, సంచి మూతికి పురికొస బిగించి, బండి మీద తీసుకుపోయి ఐసు పెట్టెల మధ్య విప్పేసి వస్తున్నారు. పైగా, అక్కడ చేపలుంటాయి కదా, హాయిగా బతుకుతుంది అని ఒక మాట. ఆ మాట పిల్లి కోసం కాదు, మీకు నిద్ర పట్టడం కోసం. మల్కాపురం గవర్రాజు కూడా ఒక ఆదివారం పొద్దున్న అదే మాట చెప్పుకుంటూ బయల్దేరాడు.

గవర్రాజుది రంగుల పని. పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద క్రేన్లకి, నిచ్చెనలకి, రేవు గట్టు మీది ఇనప కమ్మీలకి తుప్పు గీకి రంగు వేస్తాడు. గీకాలి, ఎర్ర ప్రైమరు కొట్టాలి, పైన ఎనామిలు వేయాలి. ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్లీ తుప్పు. ఉప్పుగాలితో గెలిచినవాడు లేడు. జీతం ఇచ్చేవాడికీ ఆ సంగతి తెలుసు, పని చేసేవాడికీ తెలుసు. ఇంటికొచ్చేసరికి భుజాలు ఎవరివో అద్దెకు తెచ్చుకున్నట్టు వేలాడుతుంటాయి. గోడకి జారబడి కాళ్లు చాపుకుంటాడు. ఎవరు పలకరించినా ఊ అంటాడు, అంతే. అప్పుడు మసి వచ్చి ఆ కాళ్ల మీదకెక్కి పడుకుంటుంది.

మసి అంటే పిల్లి. పేరుకి తగ్గ రంగే. రంగు డబ్బాల షెడ్డులో వానకి తడిసి అరుస్తుంటే క్యారేజీ సంచిలో వేసుకుని తెచ్చాడు. పగలంతా ఇనుము మీద ఇనుము గీరే చప్పుడు విన్న చెవులకి దాని గుర్రుగుర్రు ఒక్కటే మందు. ఆ ఇంట్లో అతన్ని ఏమీ అడగని ప్రాణం అదొక్కటే. అది కాళ్ల మీద ఉన్న కాసేపే ఆ రోజులో అతనిది. మిగిలిందంతా కాంట్రాక్టరుది.

గొడవ సోఫాతో మొదలైంది. కూతురు కీర్తన మధురవాడలో ఆఫీసు ఉద్యోగంలో చేరి, అమ్మ రామలక్ష్మమ్మ కోసం నీలం గుడ్డ సోఫా కొంది. రామలక్ష్మమ్మ జీవితంలో ఆ ఇంటికి కొత్తగా వచ్చిన మొదటి సామాను అది. మంచం పుట్టింటిది, బీరువా ఎవరో క్వార్టర్స్ ఖాళీ చేస్తూ ఇచ్చేసింది. అందుకే సోఫా మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. ఇంటిల్లిపాదీ దాని మీద జారుతూ, చెమటకి అతుక్కుంటూ కూర్చున్నారు. దసరాకి చుట్టాలొస్తే కవరు తీసింది. చుట్టాలు వెళ్లారు. మసి నిద్ర లేచింది, వెనక్కాళ్ల మీద నిలబడింది, సోఫా చెయ్యి మీద గోళ్లు దించి ఒళ్లంతా సాగదీసి బరబరా లాగింది. నీలం దారాలు కిందకి వేలాడాయి. రామలక్ష్మమ్మ ఏడవలేదు. ఆ దారాల్ని ఒక్కొక్కటీ వేలితో లోపలికి నొక్కుతూ కూర్చుంది. అది చూడటమే గవర్రాజుకి కష్టమైంది.

చీపురుతో కొట్టారు. నీళ్లు చల్లారు. ఎవరో చెప్పారని మిరియాల పొడి జల్లితే ఇంట్లో అందరికీ తుమ్ములు, పిల్లికి తప్ప. పిల్లి గీరక మానదు. అది పొగరు కాదు, దాని పని. పాత గోరు పెచ్చు ఊడాలి, పడుకుని లేచిన ఒళ్లు విరవాలి, ఇది నా చోటు అని తన వాసన అంటించుకోవాలి. కొడితే మీ ఎదుట మానేస్తుంది, మీరు బజారుకెళ్లాక గీరుతుంది. చోటు చూపించకుండా కొట్టడమంటే గవర్రాజుని ఆవులించొద్దని కొట్టడమే.

కీర్తన ఫోన్లో వెతికి పిల్లి టవరొకటి తెప్పించింది. ఊలు లాంటి గుడ్డ చుట్టిన సన్న గొట్టాలు, మీద ఒక బుల్లి అరుగు, దానికి వేలాడే బంతి. ఫొటోలో రాజభవనంలా ఉంది. మసి ఒక్క దూకు దూకితే పిల్లితో సహా పడిపోయింది. ఒకసారి ఊగి పడ్డదాన్ని పిల్లి జన్మలో నమ్మదు. అమ్మేవాడికి ఆ సంగతి అక్కర్లేదు. వాడు అమ్మింది పిల్లికి కాదు, ఫోను చూసే మనిషికి.

అప్పుడు గవర్రాజు తానే చేస్తానన్నాడు. ఓడలో సరుకు కింద వేసి, తర్వాత పారేసే కర్ర దిమ్మె ఒకటి తెచ్చాడు. రామలక్ష్మమ్మ నడుము ఎత్తుకి కోసి, కొబ్బరి తాడు సందు లేకుండా చుట్టాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అక్కడ ఆగితే ఈ కథే లేదు. కానీ అతని చెయ్యి ఆగదు. బోసి కర్ర, బోసి తాడు కనిపిస్తే ఉప్పుగాలి తినేస్తుందని దురద పుడుతుంది. ఎర్ర ప్రైమరు కొట్టాడు. అది ఆరాక, డబ్బా అడుగున మిగిలిన ఆకుపచ్చ ఎనామిలు తాడు మీద దట్టంగా పట్టించాడు. గుంజ కొత్త ఓడలా మెరిసింది. హాల్లో పెడతానంటే రామలక్ష్మమ్మ ఒప్పుకోలేదు, స్నానాల గది వెనక పెట్టించింది. మసి వాసన చూసింది, తుమ్మింది, తిన్నగా సోఫా దగ్గరికి నడిచింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కీర్తన ఆఫీసు స్నేహితులు భోజనానికి వస్తున్నారు. రామలక్ష్మమ్మ శుక్రవారమే తేల్చేసింది. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో.

“నానేటి కొత్తగా అడగనేదు. ఒక్క సోఫా. దాన్ని రేవు కాడ ఒగ్గీసి రా. సేపలుంటాయి, బతుకుతాది.”

గవర్రాజు వాదించలేదు. వాదనకి ఒంట్లో ఏదైనా మిగలాలి కదా. ఆదివారం పొద్దున్నే మసిని గోనె సంచిలో వేసి, బావమరిది వీర్రాజు ఆటో ఎక్కాడు. కాన్వెంట్ జంక్షన్ దాకా అది అరిచింది. ఆ తర్వాత మానేసింది. మానేయడమే ఎక్కువ బాధగా ఉంది.

రేవులో బోట్లు అప్పుడే సరుకు దించాయి. వేలం పాటల గోల, ఐసు నీళ్లు, చేపల పొలుసు. పాక కింద ఎండుచేపలు ఏరుకుంటున్న గంగాలమ్మ అనే ముసలామె సంచి చూడగానే పని ఆపేసింది.

“ఇంకోటి తెచ్చేసినారా బాబూ?”

గవర్రాజు తల దించుకుని, ఇక్కడ చేపలున్నాయి కదా అప్పా అన్నాడు.

“సేపలున్నాయి, మాకు. మీ ఇంటి పిల్లికి గిన్నెలో ఏసింది తినడం తెలుసు. కుక్క నోట్లోంచి లాక్కోడం తెలుసా? మొన్నొకడు మెళ్లో గంటతోటే ఒగ్గీసి పోనాడు. ఆ గంటే కుక్కలకి దారి సూపించినాది.”

వీర్రాజు అప్పటికే పురికొస విప్పేశాడు. మసి బయటికొచ్చి పొట్ట నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది. చుట్టూ అంత చేప ఉంటే ఒక్కదాని వంక చూడలేదు. ఐసు పెట్టెల వెనక నుంచి రెండు కుక్కలు లేచాయి. మసి ఒక్క ఉదుటున పాక గుంజ మీదకి ఎగబాకింది. చేపల బుట్టలు ఒరుసుకోకుండా ఆ గుంజకి నిలువునా కొబ్బరి తాడు చుట్టి ఉంది. తాడు చివర, చూరు కింద, అది అతుక్కుపోయింది. కింద కుక్కలు మొరుగుతున్నాయి.

వీర్రాజు రాళ్లు తీసుకుని కుక్కల్ని తరిమాడు. గవర్రాజు ఒక ఐసు పెట్టె ఎక్కి చేతులు చాపాడు. మసి రాలేదు. రాలేదంటే, ఊడలేదు. గోళ్లు తాడులోకి మొదలంటా దిగిపోయాయి. ఒక్కొక్క గోరునీ వేళ్లతో విడిపించాల్సి వచ్చింది. ఒకటి విడిపిస్తే ఇంకొకటి దింపుతోంది, ఈసారి అతని ముంజేతిలో. ఆ పని చేస్తుండగా అతని వేళ్లకి తెలిసింది, ఈ తాడు బోసిది. ప్రైమరు లేదు, ఎనామిలు లేదు. తన ఆకుపచ్చ గుంజ మీదైతే ఈ గోళ్లు గాజు మీద జారినట్టు జారేవి, ఈపాటికి మసి కుక్కల నోట్లో ఉండేది.

కిందకి దిగి చూస్తే గుంజ మొదట్లో, పిల్లి నిలబడితే ముందు కాళ్లు అందేంత ఎత్తులో, తాడంతా పీచులుగా రేగిపోయి ఉంది. ఇక్కడ విప్పేసిన ఎన్ని పిల్లులు గీరాయో. అవిప్పుడు ఎక్కడున్నాయని అడగబోయి, గంగాలమ్మ మొహం చూసి మానేశాడు.

మసిని చొక్కాలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. చెయ్యి నుంచి రక్తం కారుతోంది.

“పిల్లిని ఒగ్గేయడానికొచ్చి నువ్వే గీరించుకున్నావేటి బావ? అక్కకేటి సెప్తావు?”

గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. దారిలో ఒకచోట మాత్రం ఆటో ఆపించి కొబ్బరి తాడు కొన్నాడు.

వారమంతా గీకినవాడు ఆ ఒక్క సెలవు రోజూ గీకాడు. రంగు తాడు కోసి పారేశాడు. దిమ్మె మీద మరకలు పోయేదాకా రుద్దాడు. కింద వెడల్పు పలక బిగించి, దాని మీద బరువుకి పాత ఇనప రేకు కొట్టాడు. రెండు చేతులతో తోసినా కదలనప్పుడు తాడు చుట్టాడు. వేరే చోటంటే పిల్లి వినదు, అది గీరే చోటే దానికి చోటు. తీసుకెళ్లి హాల్లో, సోఫా చేతికి ఆనించి నిలబెట్టాడు. చిరిగిన సోఫా చెయ్యి మీద పాత దుప్పటి బిగించి కప్పాడు. రామలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

“ఆ బోసి కర్ర ఇక్కడేటి? వచ్చినోలు సూసి ఏటనుకుంటారు?”

“ఇన్నేళ్లూ ఎవులో సూసి బాగుందనడానికే రంగేసినాను. ఈ ఒక్కటీ రంగు నేకుండా ఉండనీ.” దుప్పటి అంచు సోఫా కిందకి దోపుతూ మళ్లీ అన్నాడు. “నీ సోఫా కోసమేనే ఇది. దీన్ని దాసిపెడితే అది మళ్లీ నీ సోఫా మీదకే వస్తాది.”

ఆమె అతని ముంజేతి వైపు చూసింది. లోపలికి వెళ్లి పసుపు తెచ్చి అద్ది, పాత గుడ్డతో కట్టు కట్టింది. గుంజ వంక చూడకుండా వంటింట్లోకి పోయింది.

స్నేహితులు వచ్చారు, తిన్నారు, సోఫాలో కూర్చున్నారు. దుప్పటి ఎందుకని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని కీర్తన మొహం మాత్రం మాడింది. మంచం కింద దాక్కున్న మసి అప్పుడు బయటికొచ్చింది. దుప్పటి వాసన చూసింది. పక్కన గుంజ వాసన చూసింది. వెనక్కాళ్ల మీద లేచి, ఒళ్లంతా సాగి, కొబ్బరి తాడులోకి గోళ్లు దించి బరబరా లాగింది. రామలక్ష్మమ్మ పట్టుకున్న కాఫీ పళ్లెం అలాగే ఆగిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఒక ఎండుచేప ముక్క తెచ్చి గుంజ మొదట్లో పడేసింది.

స్నేహితుల్లో యశస్విని అనే అమ్మాయి గుంజని పట్టుకుని ఊపి చూసింది. మధురవాడలో వాళ్ల ఫ్లాటులోనూ పిల్లి ఉందట. సోఫా చింపేస్తోందని ఇంట్లో రోజూ గొడవేనట.

“వచ్చే ఆదివారం ఫిషింగ్ హార్బర్‌లో వదిలేద్దాం అనుకుంటున్నాం అంకుల్. అక్కడ చేపలుంటాయి కదా.”

గోడకి జారబడి ఉన్న గవర్రాజు కళ్లు తెరిచాడు. లేచి నిలబడే ఓపిక లేదు. కట్టు కట్టిన చెయ్యి మాత్రం ఆమె వైపు చాపాడు.

“సేపలు నేవమ్మా, కుక్కలున్నాయి. ఆదివారం దాకా ఆగొద్దు. ఇయ్యాలే కొబ్బరి తాడు కొను. దాని ఒళ్లు పూర్తిగా సాగేంత గుంజ పెట్టు, ఊగకూడదు. రంగెయ్యకు. ఎవులొచ్చినా సరే, హాల్లోనే పెట్టు. ముందు ఇంటికెల్లి ఆ గోనె సంచి తగలబెట్టు.”