రెండో కార్డు

అద్దాల తలుపు మీద వేలిముద్రలు తుడుస్తుంటే మా ఆయన వెనకనుంచి, "ఆ మూల ఇంకా మరకుంది చూడు, పార్కు మసగ్గా కనిపిస్తోంది" అన్నాడు. ముందు రోజు భోజనానికొచ్చిన ఆఫీసు వాళ్ళు ఒక్కొక్కరే ఆ అద్దానికి వేలానించి, అదిగో చెరువు, అదిగో నడకదారి అని ఒకరికొకరు చూపించుకున్నారు. మా ఇంటికెవరొచ్చినా మొదట చేసే పని అదే. అంత పెద్ద పార్కు పక్కన ఇల్లంటే మాటలా? పార్కు చూపించడం ఆయన వంతు, మరకలు తుడవడం నా వంతు. ఇన్నేళ్ళుగా ఆ అద్దాన్ని తళతళలాడేలా ఉంచుతున్నాను గానీ ఆ పార్కులో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది.

పార్కు పెద్ద గేటు అవతలి రోడ్డు వైపుంది. చుట్టూ తిరిగి అక్కడికి చేరేసరికి ఇంట్లో ఎవరికో ఏదో కావలసి వస్తుంది. మా వీధివాళ్ళ కోసం ఇటువైపు ఒక చిన్న గేటుంది, దానికి ఇంటికి రెండు కార్డులిస్తారు. ఒకటి మా ఆయనది. రెండోది కుక్కది. హాస్యానికి చెప్పడం లేదు. కుక్కను తిప్పడానికి పెట్టుకున్న మనుషులు మారినప్పుడల్లా పేరు మార్పించే గొడవెందుకని, కార్డు ఏకంగా దాని పేరు మీదే తీసుకున్నాడు. నా సంగతేమిటని అప్పుడే అడిగాను. "నీకెప్పుడు తీరుతుంది చెప్పు? అయినా పార్కు ఇంట్లోకే కనిపిస్తుంటే ఇంకేం కావాలి?" అన్నాడు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో బాల్కనీ కుర్చీ దిగరు గానీ ఇంట్లో ఏ మాటా ఆవిడ చెవి దాటిపోదు. "నోరులేని జీవం, దానికి బయటికెళ్ళక తప్పదు కదా. మనమే కాస్త సర్దుకోవాలమ్మా" అన్నారు. మనం అంటే నేనేనని నాకు కాపురానికొచ్చిన కొత్తలోనే అర్థమైపోయింది.

ఇంట్లోకే కనిపిస్తుందన్న మాట నిజమే, ఎవరికి కనిపిస్తుందన్నదే చూడాలి. వంటింటి కిటికీకి అవతల నీళ్ళ గొట్టాలు. నేను బడి పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను, అదీ భోజనాల బల్ల మీదే, గోడవైపు తిరిగి. పార్కు వైపు గది ఆయన ఆఫీసు. ఆయన వీడియో మీటింగుల్లో వెనక ఆ పచ్చదనమంతా కనిపించాలి, నేను కనిపించకూడదు. ఒకసారి కాఫీ కప్పుతో అటు నడిచినందుకు, "మధ్యలోకి రాకు, అందరూ చూస్తున్నారు" అని సైగ చేశాడు. ఆ కాఫీ ఆయనకే.

అలాంటిది, కుక్కను తిప్పే మనిషి తన కూతురి కాన్పుకని సెలవు పెట్టి వెళ్ళడంతో ఆ పని నా నెత్తిన పడింది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు మా ఆయన. ప్రూఫులు వెళ్ళాల్సిన వారం. గొణుక్కుంటూ గొలుసు పట్టుకుని బయల్దేరాను. గేటు దగ్గర కార్డు పెట్టగానే తెర మీద మా కుక్క ఫొటో వచ్చింది. నాలుక బయటపెట్టుకుని నవ్వుతోంది. కింద 'బంగారం, కుటుంబ సభ్యుడు' అని ఉంది. నన్ను ఆయన ఏనాడూ బంగారం అని పిలిచిన పాపాన పోలేదు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే సెక్యూరిటీ ఆయన దగ్గరికొచ్చి, "కంగారు పడకండమ్మా. కార్డున్నవాళ్ళు తమ వెంట ఒకరిని తీసుకెళ్ళొచ్చు. బంగారం వెంట మీరు వెళ్ళొచ్చు" అన్నాడు. అలా మా కుక్క చలవ వల్ల పార్కులో అడుగుపెట్టాను.

మొదట్లో దాని వెనక పరిగెత్తలేక తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత చెరువు పక్కన ఒక బెంచీ దొరికింది. నేను కూర్చుంటే అదీ నా చెప్పుల మీద గడ్డం పెట్టుకుని పడుకునేది. అక్కడినుంచి మా ఇల్లు కనిపిస్తుందని మూడో రోజుకో నాలుగో రోజుకో గమనించాను. బాల్కనీలో అత్తయ్య, గదిలో మా ఆయన వీపు, మధ్యలో నేను తుడిచిన అద్దాలు. ఆవిడ లోపలికి తల తిప్పి ఎవరినో పిలుస్తున్నట్టుంది. నన్నే అయి ఉంటుంది. నాకు వినపడలేదు. వినపడకపోతే ఇంత హాయిగా ఉంటుందా అనిపించింది. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు, నేనూ ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు. నీళ్ళ మీద ఎండ చూస్తూ ఊరికే కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం నాకు చేతనవుతుందని నాకే తెలియదు. ఇంటికెళ్ళాక "కుక్కను తిప్పడానికి ఇంతసేపా?" అని ఆయన సణిగినా, నా చెవికెక్కేది కాదు. రాత్రి పడుకునేటప్పుడు పొద్దున్నే ఆ బెంచీ ఉందని గుర్తొచ్చేది. ఒక రోజు కోసం ఎదురుచూసి ఎన్నాళ్ళయిందో.

సెలవు పెట్టినాయన మనవరాలు పుట్టిందన్న కబురుతో తిరిగొచ్చాడు. "హమ్మయ్య, నీకు ఆ చాకిరీ తప్పింది" అన్నాడు మా ఆయన, నిజంగా నా మీద జాలితోనే. గొలుసు, కార్డు మళ్ళీ తలుపు పక్క కొక్కేనికి వేలాడాయి. ఆ రోజంతా ప్రూఫుల మీద చూపు నిలవలేదు. మధ్యాహ్నం కుక్క సోఫా కింద నిద్రపోతుంటే, కార్డు తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

"బంగారం ఏడమ్మా?" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"పడుకున్నాడు."

"అయితే కుదరదమ్మా. కార్డు ఎవరిదో వాళ్ళు రావాలి. మొన్న ఒకరిని వదిలినందుకే నాకు చీవాట్లు పడ్డాయి. పోనీ, వాణ్ణి తీసుకొచ్చేయండి, ఇద్దరూ వెళ్దురుగాని" అన్నాడు పాపం, దారి చూపిస్తూ.

సరేనన్నాను. నిజం చెప్పాలంటే, కుక్కను నిద్ర లేపుదామని నాలుగడుగులు ఇంటివైపు వేశాను కూడా. అక్కడ ఆగిపోయాను. నన్ను లోపలికి పంపించమని కుక్కను బతిమాలుకోవడానికి వెళ్తున్నానా? సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే మనసు నెమ్మదించింది. ఈ కార్డులిచ్చే అసోసియేషన్ ఆఫీసు వీధి చివరే ఉంది. కార్డు నా పేరు మీదికి మార్చమంటే అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఇల్లు మీ ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇంకెవర్నీ అడగక్కర్లేదంది. నాకైతే ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఫొటోకి జుట్టు సరిచేసుకుంటారా అని అడిగింది. అక్కర్లేదన్నాను. అక్కడినుంచి తిన్నగా పార్కుకెళ్ళాను. తెర మీద రేగిన జుట్టుతో నా మొహం చూసి సెక్యూరిటీ ఆయన సెల్యూట్ కొట్టాడు.

మర్నాడు పొద్దున కుక్కను తిప్పే ఆయన గొలుసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. కొక్కేనికి కార్డు లేదు. అప్పటికే తన నడక ముగించుకొచ్చిన మా ఆయన, "కుక్క కార్డేదీ?" అని ఇల్లంతా వెతుకుతున్నాడు. అది నా మెడలో ఉంది. చూపించాను. ఆయన దాన్ని దగ్గరగా పట్టుకుని నా ఫొటో చూశాడు, తర్వాత నన్ను చూశాడు. బాల్కనీలోంచి అత్తయ్య, "మరి దానికెలాగమ్మా?" అన్నారు.

నేను చెప్పులేసుకుంటూ మా ఆయనతో అన్నాను.

"నోరులేని జీవం కదా, మనమే కాస్త సర్దుకోవాలి. మీ కార్డు దాని పేరు మీదికి మార్పించండి. అది వెంట ఉంటే చాలు, మిమ్మల్నీ లోపలికి పంపిస్తారు."