గ్రైండింగ్ బల్ల

“కళ్ళేంటి అలా ఉన్నాయి, మళ్ళీ ఏడ్చావా?” అన్నాడు మొగుడు, ఆమె తోముతున్న గిన్నెల్లో తన కాఫీ కప్పు పడేస్తూ.

కాదంటే జరిగిందంతా చెప్పాలి. అవునంటే సరిపోతుంది, ఈ ఇంట్లో ఏడుపుకి కారణం అడిగే అలవాటు ఎవరికీ లేదు. “ఆఁ” అంది. “ఏడవటానికి మాత్రం తీరిక దొరుకుతుంది” అని టీవీ ముందు నుంచే అత్తగారు ఓ చురక వేసింది.

నిజానికి హెల్మెట్ అద్దం కళ్ళ మీదకి దించడం క్షణం ఆలస్యమై వెల్డింగ్ మెరుపు నేరుగా కళ్ళలో కొట్టింది. రెప్ప వేసినా తీసినా ఇసుక పోసి రుద్దినట్టుంది.

ఇద్దరూ గేట్లూ రైలింగులూ చేసే ఒకే షెడ్డులో పని చేస్తారు. అతను వెల్డరు, ఆమెది గ్రైండింగ్ బల్ల. అతను అతికించినదాన్ని ఆమె నున్నగా అరగదీస్తుంది. ఇంట్లోనూ దాదాపు అదే పని. చుట్టాల దగ్గర అతను నోరు జారితే ఆ మాటల గరుకంతా తీసి సర్దిచెప్పేది ఆమే. తనూ వెల్డింగ్ నేర్చుకుంటానని ఓసారి అంటే, “స్టవ్వు వెలిగించడం అనుకున్నావా?” అని అందరి ముందూ పడీపడీ నవ్వాడు. అందుకే అతను బయట కబుర్లలో ఉండే భోజనాల టైములో, ఫోర్‌మన్ దగ్గర చిత్తు ఇనప ముక్కల మీద గుట్టుగా నేర్చుకుంటోంది.

మర్నాడు ఆమె వేసిన అతుకు చూడముచ్చటగా వచ్చింది. ఫోర్‌మన్ దాన్ని వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాడు. టపీమని ఊడిపోయింది.

“ఎందుకమ్మా అంత పరుగు? ఎవరైనా తరుముతున్నారా?”

“ప్లేటుకి చిల్లు పడుతుందేమోనని సార్.”

“పడనీ, చిత్తు ముక్కేగా! వెలుగు చూడకు, కరిగిన ఇనుము మడుగు చూడు. అది రెండు ముక్కల్నీ కొరికి పట్టుకునేదాకా ఆగు. అప్పుడు జరుగు.”

ఆమెకి రానిదే ఆగడం. స్నానమైనా, తిండైనా, ఆఖరికి జ్వరమైనా గబగబా కానిచ్చేయడమే తెలుసు. చిల్లులు పడ్డాయి. ఇంకో ముక్క తీసుకుంది. ఆగింది. ఈసారి సుత్తి దెబ్బకి ప్లేటు వంగింది కానీ అతుకు వదల్లేదు.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఏదో బడి మేడమెట్లకి వేసే రైలింగ్ బల్ల మీదకొచ్చింది. మొగుడు అతికించినదే. అతుకు అంచున వెంట్రుక మందాన నల్లటి సందు. ఇనుము పైన కూర్చుంది, లోపల పట్టలేదు. ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని నున్నగా చేసి పంపిందో!

“చూస్తావేం, గ్రైండర్ కొట్టేయ్. లోడు వెళ్ళాలి,” అన్నాడతను.

“ఇది పట్టలేదు.”

“అబ్బో! నీకెవరు చెప్పారు?”

పక్కన వెల్డర్లు మెషీన్లు ఆపి చూస్తున్నారు. అతను నవ్వుతూనే దగ్గరకొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు: “పరువు తియ్యకు. ఇంటికి రా, చెప్తా.”

ఇంటికెళ్తే ఏముంటుందో తెలుసు. దభాలున వేసే తలుపులు, వారాల తరబడి మూతి బిగింపు, అత్తగారు చుట్టాలందరికీ చేసే ఫోన్లు. నున్నగా చేసేస్తే రెండు నిమిషాల పని, ఇవేవీ ఉండవు.

సుద్దముక్క తీసి ఆ అతుకు చుట్టూ సున్నా చుట్టింది. తర్వాతి అతుకు చూసి, దాని చుట్టూ ఇంకోటి.

“ఫోర్‌మన్ సార్,” అని పిలిచింది. “ఇవి మళ్ళీ వెయ్యాలి. ఆయనకి కుదరదంటే, నేను వేస్తాను.”