అడ్డగీత

గూటం సున్నం బకెట్టు పక్కకి జరిపి, కుంచె ముంచి, మళ్లీ నడుం వంచాడు. అతనికి నాలుగడుగుల ముందు భార్య వెనక్కి నడుస్తూ తాడు పరుస్తోంది. మైదానం గడ్డి ఇంకా మంచుతో తడిగానే ఉంది.

"తాడు మీద చూపుపెట్టయ్యా. ఆకాశంలో ఏముంది?"

"బంతి వస్తుందేమోనని."

"వస్తే నీ తలకే తగుల్తుంది. దానికి దారి తెలుసు."

అతను నవ్వి గీత లాగాడు. గీత తిన్నగానే వస్తోంది.

ఫుట్‌బాల్ ఇంకా కొత్త ఆటగా ఉన్న రోజుల్లో ఈ మనిషి మిల్లు జట్టుకి సెంటర్ ఫార్వర్డ్. పైనుంచి వచ్చిన బంతిని నుదుటితో మోది గోల్లోకి దించేవాడు కనక జనం గూటం అన్నారు. అసలు పేరు మిల్లు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అప్పటి బంతికి పైన తోలుతాడు కుట్లు ఉండేవి, వాన పడితే నీళ్లు తాగి రాయిలా బరువెక్కేది. తెలివైనవాళ్లు తల తప్పించేవాళ్లు. ఇతనికి ఆ తెలివి లేదు. ఒక ఫైనల్లో కుట్లు తగిలి నుదురు చీలితే, రక్తం కళ్లలోకి కారుతుండగానే మరో రెండు గోల్స్ కొట్టాడు. ఆ సాయంత్రం అతన్ని భుజాలకెత్తుకుని వీధులన్నీ తిప్పారు. మర్నాడు పొద్దున ఆరింటికి, మోసినవాళ్లతో పాటే మిల్లు గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. ఆట ఆటే, దూది బేళ్లు మొయ్యడం మొయ్యడమే.

పధ్నాలుగేళ్ల తర్వాత మోకాలు పోయింది. మిల్లు వాళ్లు మైదానం చూసుకునే పనీ, ప్రేక్షకుల మెట్ల కింద ఒక గదీ ఇచ్చారు. పూలమ్మిన చోట కట్టెలమ్మడమంటే ఇదేగా. అతనికి ఎప్పుడూ చిన్నతనం అనిపించలేదు, అనిపించిందల్లా అతని భార్యకే.

అతను ఆడిన కాలంలో గోలు ముందు ఇప్పుడున్న పెనాల్టీ పెట్టె లేదు. మైదానం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే అడ్డగీత. పెట్టె వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఆ ఇరవై ఏళ్లూ గీసింది అతనే. పోయిన నెల ఒక శనివారం మాత్రం పెట్టెకి బదులు ఆ పాత అడ్డగీత గీసిపెట్టాడు, శుభ్రంగా, ఎక్కడా వంకర లేకుండా. రిఫరీ ఆట మొదలుపెట్టనివ్వలేదు. జనం పడీ పడీ నవ్వారు. ఎందుకో తెలియకుండా గూటం కూడా వాళ్లతో నవ్వాడు. అది చూసి ఆమె గుండె చెరువైంది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే గది తాళం ఇచ్చెయ్యాలి పెద్దాయనా," అన్నాడు మిల్లు ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి. పిల్లలు లేరు. వెళ్లి నిలబడటానికి వాళ్లకి మరో గడప లేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఆమె, "నడుం పట్టేసిందయ్యా, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది," అంటూ తాడూ మేకులూ పట్టుకుని ముందు నడుస్తోంది. అడుగులు మనసులోనే లెక్కపెట్టుకుంటుంది. అతను ఎందుకని అడగకుండా వెనకాలే గీస్తూ వస్తాడు. ఆ పిచ్చి మారాజుకి అనుమానం రాలేదనే ఆమె నమ్మకం.

పదింటికి కార్యదర్శి వచ్చి పెట్టె చుట్టూ తిరిగాడు. "బాగుంది. తల కుదుటపడ్డట్టుంది."

"ఆ తలకేం బాబూ, ఇనప తల," అందామె. ఆయన వెళ్లాక గడ్డి మీద కూర్చుని తాడు చుట్టుకుంది. ఈ వారం గండం గడిచింది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. గూటం బట్టలు మార్చుకునే గది బయట బల్ల మీద కూర్చున్నాడు. జనం కేక వేసినప్పుడల్లా అతని గడ్డం కాస్త పైకి లేచేది. విరామం ఈల వినగానే ఆమె టీ తెచ్చింది. తల గోడకి ఆన్చి ఉంది, కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్లింది. తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. అతని చెయ్యి ముట్టుకుని చూసింది. తర్వాత పక్కనే కూర్చుంది. ఎవరినీ పిలవలేదు. మధ్యలో ఆట ఆపడం అతనికి నచ్చేది కాదు.

అంత్యక్రియలయ్యాక కార్యదర్శి టోపీ తీసి నిలబడ్డాడు. "నెలాఖరు దాకా ఉండండమ్మా. గది పనివాడికి కదా, నా చేతుల్లో లేదు."

"నెల రోజులుగా ఆ గీతలు నావే బాబూ. నేను ముందు నడిచాను, ఆయన వెనక గీశాడు. ఆ పని నాకివ్వండి."

ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "ఆడవాళ్లకిచ్చే పని కాదమ్మా ఇది. పైగా చివరిదాకా ఆయనే చేశాడని అందరూ అనుకుంటున్నారు. అలాగే ఉండనివ్వండి."

ఆమె వెనక్కి తిరిగి గదిలోకి నడిచింది. భర్త పరువు తీసి గది నిలబెట్టుకోవడం తనవల్ల కాదు.

నెలాఖరున మూట కడుతూ అతని కోటు దులిపింది. లోపలి జేబులోంచి సిగరెట్టు పెట్టె అట్టముక్క ఒకటి పడింది. దాని మీద పెన్సిలుతో మైదానం బొమ్మ. గోలు ముందు అడ్డగీత గీసి, కొట్టేసి, మళ్లీ గీసి, మళ్లీ కొట్టేసి ఉంది. కింద వంకర అక్షరాలు: "గుర్తు రాకపోతే ఆవిడ వెనకే నడు. తెలిసినట్టు కనపడకు." అట్ట మడతల దగ్గర నలిగి చిరిగిపోవచ్చింది, అంచుల మీద సున్నం వేలిముద్రలు ఉన్నాయి.