సీటు మీద తువ్వాల

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపుకోవడం అశ్వారావుపేట వైపు జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. తువ్వాల పడిందంటే మనిషి కూర్చున్నట్టే. ఎంత మొండివాడైనా దాన్ని తీసి పక్కన పెట్టడు. నాగలక్ష్మి ఆ రోజు చేసిందీ అదే, పాపం.

కొత్త స్టేడియంలో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్. కూతురు భవాని ఆడుతోంది. మొగుడు భద్రయ్య పామాయిల్ గెలలు కోసే పని నుంచి నేరుగా రావాలి. అతని తువ్వాలలో సద్ది గిన్నె మూటగట్టి ముందు వరసలో పెట్టి, "సీటు ఆపిన, జల్దీ రా" అని ఫోన్ చేసి, మంచినీళ్లకని కుళాయి దగ్గరికి వెళ్లింది.

అడవి అంచున ఊరు, బాంబుల భయం ఉంటుందని నిర్వాహకులు పట్నం నుంచి సెక్యూరిటీ ఏజెన్సీని దింపారు. మనిషి లేని మూట కనపడితే మైకులో అడగాలి, ఎవరూ రాకపోతే గేట్లు మూయాలి. ఇదీ వాళ్ల ప్లాను. మైకు పట్టుకున్నవాడు నాగలక్ష్మి పక్కింటి సతీష్. రోజు కూలికి గార్డుగా చేరాడు. "ఎవరో మూట వదిలేసి పోయిన్రు, వచ్చి తీస్కోండ్రి" అని గొంతు చించుకుని అడిగాడు. నాగలక్ష్మి విన్నది కూడా. "ఎవరో గాని మతిలేనోళ్లు" అని నవ్వుకుని కుళాయి కింద దోసిలి పట్టింది.

గేట్లు మూశారు. ఎవరో బాంబన్నారు. జనం ఒక్కసారిగా గేటు మీద పడ్డారు. సీటుందన్న ధీమాతో, గేటు మూస్తుండగానే పరుగున లోపలికొచ్చిన భద్రయ్య ఆ గేటుకూ జనానికీ మధ్య నలిగిపోయాడు. అతన్ని బయటికి లాగబోయి సతీష్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఇప్పుడు భద్రయ్య ఖమ్మం దవాఖానాలో నడుము కింద చలనం లేకుండా పడి ఉన్నాడు. హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే లేచి కూర్చోవచ్చన్నారు. ఆలస్యమైతే అదీ లేదన్నారు. ఆ ఖర్చు ఏజెన్సీ చేత పెట్టించాలి. నాగలక్ష్మికి ఇంకో దారి లేదు. ఉంటే ఈ లాయర్ల గడపలు ఎందుకు తొక్కుతుంది?

"ఏజెన్సీ ప్లానుకు ప్రభుత్వ ఆమోదం ఉందమ్మా," అన్నాడు లాయర్ వెంకటనారాయణ. "ప్లాను ప్రకారం చేసినంతవరకు వాళ్ల మీద కేసు నిలవదు. మైకులో అడగలేదని తేలితేనే ఆ రక్షణ పోతుంది. ఎవరూ అడగలేదని చెప్పండి. ఆ మూట మీదేనని మాత్రం నోరు జారకండి."

మొగుడు లేచి కూర్చుంటాడంటే నాగలక్ష్మి ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది. ఆడింది కూడా. విచారణ గదిలో బల్ల మీద ఆ తువ్వాల, గిన్నె పెట్టి అధికారి అడిగితే, వాటి వైపు చూడకుండా, "లేదు సార్, మైకుల ఎవ్వరు అడగలే" అంది.

ఏజెన్సీ లాయరు హాయిగా నవ్వాడు.

"మంచిది సార్. అడగాలని మా ప్లానులో రాసే ఉంది. అడగనిది గార్డు. కాబట్టి బాధ్యత మాది కాదు, అతనిది. కేసు అతని మీద పెట్టుకోవచ్చు."

ఎంత నున్నగా జారుకున్నాడో చూడండి! గోడ పక్కన కట్టుకట్టిన చేత్తో నిలబడ్డ సతీష్ మొహం పాలిపోయింది.

"వదినా, నేను అడగలేదా?" అన్నాడు.

వెంకటనారాయణ ఆమె చెవి దగ్గరికి వంగి, "మాట మార్చకండి. గార్డు మీద కేసు పడితే ఏజెన్సీ పరువుకు భయపడి రాజీకొస్తుంది" అన్నాడు.

నాగలక్ష్మికి భద్రయ్య కాళ్లు కళ్లలో మెదిలాయి. ఎదురుగా సతీష్. దేవుడా, నన్నెందుకు ఇట్లా నిలబెట్టావు అని లోపల్లోపలే ఏడ్చింది. కానీ ఆ కట్టు కట్టిన చెయ్యి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"అడిగిండు సార్," అంది. "నేను విన్న. ఆ మూట నాదే."

"విని కూడా ఎందుకు రాలేదమ్మా?"

"వదిలేసిన మూట అన్నరు సార్. నేను వదిలెయ్యలే. సీటు ఆపిన. తువ్వాలేస్తే మనిషి కూసున్నట్టే గదా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటనారాయణ ఫైలు మూసేశాడు. ఏజెన్సీ తప్పు లేదు, గార్డు తప్పూ లేదు, మూట పెట్టిన మనిషిదే తప్పని తేలిపోయింది.

సాయంత్రం దవాఖానాలో మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది. ఆ మూట సంగతి భద్రయ్యకు అప్పటిదాకా తెలియదు. తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. అతను పైకప్పు వైపే చూశాడు.

"లచ్చిమీ, సీటు ఏడ ఆపినవే?" అన్నాడు. "పిల్ల ఆట కనపడేదా?"

"అవ్. మొదటి వరసనే. మస్తు కనపడేది," అంది నాగలక్ష్మి. ఇక ఆపుకోలేక అతని కాళ్ల మీద పడి భోరుమంది. ఆమె బరువు అతనికి తెలియలేదు.