ఇద్దరు నిలబడితేనే ఒకరు

ఉదయం 6:52కు సాయికుమార్ తన కంప్యూటర్‌లో ఒక పరిమితిని తీసేశాడు. 6:54కు హాజరు యాప్ ఆగింది. ఆ సమయానికి జోల్వాలోని మరమగ్గాల మిల్లు గేటు ముందు నూట నలభై మంది ఉన్నారు.

వారిలో లక్ష్మీరాజం ఒకడు. గేటు మిషన్ మీద వేలు పెట్టాడు. మిషన్ పలకలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు. 7:16కు పలికింది. అప్పటికే ఏడింటి షిఫ్టుకు అందరికీ గైర్హాజరు పడింది. నెలలో మూడు పడితే మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, ఇంకొకరికి వెళ్తాయి. జ్వరం వల్ల లక్ష్మీరాజానికి అప్పటికే రెండున్నాయి. అతను పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్న ఎనిమిది మగ్గాలను మేనేజర్ పది గంటలకు ముత్యం అనే కుర్ర కార్మికుడికి అప్పగించాడు.

ఆ యాప్ నడిపేది ఆల్థాన్‌లోని ఒక కంపెనీ. లక్ష్మీరాజం కూతురు హారతి అక్కడే పనిచేస్తుంది. యాప్ మూడు కాపీలుగా వేర్వేరు సర్వర్లలో నడుస్తుంది. మరమ్మతుకు సర్వర్లను ఖాళీ చేసేటప్పుడు, అంటే వాటిలోని కాపీలను ఆపేటప్పుడు, నడిచేవి రెండు కాపీల కంటే తగ్గకూడదని ఆ పరిమితి రాసింది ఆమే. ఆ ఉదయం ఒక కాపీ చెడిపోయింది. మిగిలినవి రెండే కాబట్టి పరిమితి వాటి సర్వర్లను ఖాళీ చేయనివ్వలేదు. అప్‌గ్రేడ్ ఆగిపోయిందని టీమ్ లీడ్ సాయికుమార్ పరిమితిని తీసేసి, అన్నిటినీ ఒకేసారి ఖాళీ చేశాడు. నివేదికలో 'గేటు వద్ద నెట్‌వర్క్ లేదు' అని రాశాడు. సర్వర్లు తమంతట రాసుకునే లాగ్‌లో జరిగింది చూసి హారతి అతని దగ్గరకు వెళ్లింది.

"ఏందన్నా గిది? లిమిట్ ఎందుకు తీసినవ్?"

"అప్‌గ్రేడ్ అటక్ అయి ఆగింది హారతీ. పాంచ్ మినిట్ కా కామ్ అనుకున్న."

"షిఫ్టు మారే టైంలనా?"

"సాయంత్రం పెట్టుకుంటే నేను ఇంటికెప్పుడు పోవాలె?"

"మీ బాపు అమ్రోలిల సాంచాలు నడిపినోడే గద. ముగ్గురున్న కాడ చాయ్‌కు ఎంతమంది పోతరు?"

సాయికుమార్ స్క్రీన్ వైపు చూశాడు.

"నేను చెప్తా. ఒక్కడు. ఇద్దరు సాంచాల కాడుంటరు. ఒకనికి జరమొస్తే ఆ పూట ఎవ్వడూ చాయ్‌కు పోడు. నేను రాసింది గంతే. కంప్యూటర్ ఇన్నది. నువ్వు ఇనలే."

"గిది బయటపడితే నా నౌకరీ పోతది."

"మా బాపు సాంచాలు పొయ్యినయ్."

నివేదికలో అతను రాసిన వాక్యాన్ని హారతి చెరపలేదు. దాని కింద లాగ్‌లోని వివరాలు అతికించింది: పరిమితి తీసిన సమయం, తీసినవారి పేరు, యాప్ ఆగిన సమయం, లేచిన సమయం. దాన్ని మిల్లుకు పంపింది.

సాయంత్రానికి మిల్లు నూట నలభై గైర్హాజర్లను కొట్టేసింది. క్షమించమని ఎవరూ అడగలేదు.

మర్నాడు లక్ష్మీరాజం షెడ్డులోకి వెళ్లాడు. ముత్యం మగ్గాల దగ్గర నుంచి పక్కకు జరిగాడు.

"ఏంది కాకా, చాయ్‌కు పోయి తెల్లారినంక వస్తివి?"

"నేను పోలేదురా," అన్నాడు లక్ష్మీరాజం. "నన్ను గేటు బయట నిలబెట్టి, పోయిండని రాసిండ్రు."