ఆయిలు దిగే దారి

బావకి నోరెక్కువ. వీధిలో అందరూ ఆయన్ని మైకు అంటారు, అదీ ఆయన ఎదురుగానే. కారు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు తిట్లు తినేవాళ్ళు, తర్వాత కారు తీసుకెళ్ళేవాళ్ళు, మళ్ళీ చెడితే మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన చెయ్యి పడితే ఎంతటి మొండి ఇంజనైనా దారికి వచ్చేది మరి. ఆ నోటికి అందరికంటే ఎక్కువగా బలైపోయింది సొంత బావమరిది. అక్క పెళ్ళయిన కొత్తలో పని నేర్చుకుంటానని షెడ్డులో కాలు పెట్టాడు. ఇప్పుడతని జుట్టు నెరుస్తోంది. అయినా బావ లెక్కలో అతనింకా స్పానరు పట్టుకోవడం చేతకాని వెధవే.

అలాంటి బావ ఈమధ్య ఒక కారు ముందు చక్రం బోల్టులు బిగించకుండానే పంపించేశాడు. చక్రం ఊగుతోందని డ్రైవరు సందు చివరే ఆపేశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే బావమరిదికి ఒళ్ళు జలదరిస్తుంది. "నేను బిగించాను" అన్నాడు బావ. అబద్ధం ఆడలేదు పాపం, నిజంగానే బిగించాననుకున్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది మతిమరుపు జబ్బు, పెరగడమే కానీ తగ్గడం ఉండదు అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

ఊళ్ళో స్టూడియో నడిపే ఫొటోగ్రాఫరు కారు షెడ్డుకి వచ్చిన రోజున అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఈ ఒక్క పని ఆయన్నే చెయ్యనివ్వు. సరిగ్గా చేశారా, ఇకముందూ షెడ్డుకి వెళ్ళనిద్దాం. నువ్వు పక్కనే ఉంటావు కదా. చెయ్యలేకపోతే మాత్రం ఇక చాలు బావా అని నువ్వే చెప్పాలి. నాకు నోరు రాదు."

"షెడ్డు మానేస్తే ఆ మనిషి బతుకుతాడా అక్కా?"

"రేపు ఎవరి చక్రమో ఊడి ఎవరైనా పోతే, అప్పుడు బతుకుతారా?" అంది అక్క.

ఫొటోగ్రాఫరుకి కారు వేగం చాల్లేదట. సూపర్‌చార్జరు పెట్టమన్నాడు. ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరే యంత్రం అది. అది అరిగిపోకుండా తిరగాలంటే ఇంజను ఆయిలు దానికీ అందాలి, పనయ్యాక తిరిగి ఇంజను అడుగునున్న సంపులోకి దిగాలి. పైకి పంపడానికి పంపు ఉంది. దించడానికి ఏమీ లేదు, ఆయిలు తన బరువుకి తనే కారాలి. అందుకని ఆయిలుని కిందకి దించే ఆ రిటర్న్ పైపు మొదట్నుంచి చివరిదాకా వాలుగా దిగాల్సిందే. మధ్యలో ఎక్కడైనా గూని లేచిందా, ఆయిలు అక్కడే ఆగిపోతుంది, వెనక్కి నిండి, సీలు దాటి గాలితో కలిసి ఇంజనులో కాలుతుంది. ఇక సైలెన్సరు లోంచి నీలం పొగే పొగ.

"ఆయిలుకి నీలాగా పౌరుషం లేదురా బామ్మర్దీ. ఎక్కమంటే ఎక్కదు. దిగే దారి చూపించు, నోరు మూసుకుని పోతుంది." ఈ మాట బావ ఎన్నిసార్లు అన్నాడో లెక్కే లేదు.

పొద్దున బావ కారు కింద దూరి, ఆ పైపు కలపడానికి సంపుకి రంధ్రం వేశాడు. డ్రిల్లు బిట్టుకి గ్రీజు దట్టంగా పట్టించి, కాస్త తిప్పి, బయటికి తీసి, గ్రీజుకి అంటుకున్న రజను తుడిచి, మళ్ళీ గ్రీజు పట్టించి, మళ్ళీ తిప్పాడు. ఒక్క రవ్వ కూడా లోపల పడనివ్వని పని అది. పక్కన లైటు పట్టుకుని పడుకున్న బావమరిదికి ప్రాణం లేచి వచ్చింది. డాక్టరుకేం తెలుసు, నాలుగు ప్రశ్నలడిగి మనిషిని తేల్చేస్తాడా అని మనసులోనే నాలుగు తిట్టాడు.

తర్వాత పైపు. నొక్కుకుపోకుండా అందులో ఇసుక కూరి, రెండు కొనలూ మూసి, బల్లకున్న వైసు దవడల్లో బిగించి, బావ ఈలవేస్తూ వంచాడు. కిరసనాయిలుతో కడిగాడు, గాలి కొట్టాడు, తీసుకెళ్ళి క్లాంపులు వేసి బిగించాడు. బిగించాక బావమరిది చూశాడు. పైపు సగం దాకా చక్కగా దిగి, అక్కడ పిల్లి వీపులా పైకి లేచి, మళ్ళీ దిగింది.

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. బావే చూసుకుంటాడులే, చూసి తనను తనే తిట్టుకుంటాడులే అనుకున్నాడు. బావ పైపు వైపు చూశాడు కూడా. చూసి, చేతులు తుడుచుకున్నాడు.

సాయంత్రం అవుతుండగా అక్క టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ ఇంజను తిప్పాడు. సూపర్‌చార్జరు సన్నగా కూత అందుకుంది. బావ కళ్ళు మూసుకుని వింటున్నాడు, ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఎలా ఉందిరా అన్నట్టు అక్క చూసింది. బావమరిది తల తిప్పుకున్నాడు.

కాసేపటికి బావ ముక్కు చిట్లించాడు. పొగ కనబడకముందే ఆయనకి వాసన తెలిసిపోయింది.

"ఆపరా ముందు. ఆయిలు కాలుతోంది." లైటు లాక్కుని ఇంజను కిందకి వంగి చూశాడు. "ఎవడ్రా ఈ పైపు వంచింది?"

అక్క ఫ్లాస్కు కింద పెట్టేసింది.

"నేనే బావా" అన్నాడు బావమరిది.

ఇక చూడండి, మైకు తెరుచుకుంది. "నువ్వా? ఇన్నేళ్ళు నా తిండి తిని నేర్చుకుంది ఇదా? ఆయిలు నీకు చుట్టమా, మెట్లెక్కి దిగిరావడానికి? నీకు పనిచ్చినందుకు నన్ను నేను కొట్టుకోవాలి." చాలా రోజుల తర్వాత ఆ గొంతు అంత ఖంగుమంది. బావమరిది తల దించుకుని ప్రతి తిట్టూ విన్నాడు. ఒక్కటీ తప్పు కాదు. బావ నోటికి అన్నీ గుర్తున్నాయి, చేతులకే లేవు.

"ఇంకో పైపు ఇలా తే. చూసి నేర్చుకో."

ఇసుక కూరాడు. వైసులో బిగించాడు. వంచాడు. తెచ్చి ఇంజను పక్కన పెట్టి చూశాడు. అదే చోట అదే గూని.

బావ గూని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. తర్వాత, జీవితంలో ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగాడు.

"సరిగ్గా ఉందంటావా?"

"లేదు బావా. మధ్యలో లేచింది."

"ఇందాకటిది కూడా నేనే వంచానా?"

బావమరిది ఇందాకటి పైపు గూని మీద లైటు వేశాడు. బావకి అది చాలు. వెళ్ళి మూలనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అది బావమరిది తిట్లు తింటూ పెరిగిన స్టూలు. అక్క దగ్గరికి రాబోతే చేత్తోనే ఆపాడు.

"ఇక చాలు బావా" అన్నాడు బావమరిది. ఎలా అన్నాడో అతనికే తెలియదు. "రేపట్నుంచి షెడ్డు నేను చూసుకుంటాను. నువ్వు ఇంట్లో ఉండు."

బావ చొక్కా జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "జాగ్రత్తరా. ఎవరి ప్రాణాలైనా పోతే నేను తట్టుకోలేను" అన్నాడు. "పైపు వంచు. నేను చెబుతా."

బావ చెప్పాడు, అతను వంచాడు. తొందరపడకు, ఒక్కసారే లాగకు, నీ మొహంలా ఉంది అంటూ చెప్పాడు. పైపు పైనుంచి కిందకి ఎక్కడా తలెత్తకుండా దిగింది. ఇంజను ఎంతసేపు తిప్పినా పొగ రాలేదు. ఫొటోగ్రాఫరు వచ్చి మురిసిపోయి కారు తీసుకుపోయాడు.

ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. బావ హుషారుగానే ఉన్నాడు, దారిలో ఎదురైన మంగలితో వేళాకోళం ఆడాడు. అక్క ఊపిరి పీల్చుకుంది. మాట చెప్పడం అయిపోయింది, గండం గట్టెక్కింది అనుకుని బావమరిది కూడా వాళ్ళ పక్కనే నెమ్మదిగా నడిచాడు.

మలుపు దగ్గర బావ ఆగిపోయాడు. చొక్కా జేబు తడుముకున్నాడు, ప్యాంటు జేబులు వెతుక్కున్నాడు.

"తాళంచెవి ఏమైందిరా? పొద్దున్నే షెడ్డు తియ్యాలి. ఫొటోగ్రాఫరు కారుకి పైపు వంచాలి కదా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాళంచెవి బావమరిది పిడికిలిలో చెమటకి తడిసిపోయి ఉంది. ప్రాణం పోయినంత పనై చెప్పిన మాట ఆ మనిషిలో ఎక్కడా లేదు. రేపు ఉండదు, ఎల్లుండీ ఉండదు. అది విన్న ప్రతిసారీ ఆయనకి కొత్తగానే తగులుతుంది.

"నా దగ్గరుంది బావా."

"నీ దగ్గరెందుకు? ఇలా ఇవ్వు." బావ చెయ్యి చాచాడు. వేళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.

బావమరిది ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇందాక నువ్వే ఇచ్చావు బావా" అని మొదలుపెట్టాడు, మళ్ళీ మొదట్నుంచి.